ఇరవై నిమిషాల మరమ్మతులు

జూన్ 4

పొద్దున మబ్బు, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం గాలి. మొదటి అంతస్తు మెట్ల మలుపులో వదులైన రెయిలింగు బిగించాను. మూడు స్క్రూలు పట్టాయి.

అక్కకు,

ఇక్కడ క్షేమం. రోజూ రాసి పెట్టమన్నావు, రాస్తున్నాను. పద్నాలుగో ఏట నుంచి దినచర్య రాస్తున్నవాడికి రాయడం కష్టం కాదు. ఏం రాయాలో తెలియడమే కష్టం.

ఒకటో తేదీ: నీ మరదలు ట్రైనింగుకు బయలుదేరింది. పెట్టె బస్సు దాకా మోశాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. డ్రైవరు మాత్రం చాలా మాట్లాడాడు.

రెండు: సాయంత్రం ఆరుంబావు. రెండో అంతస్తు మామ్మగారి కొళాయికి వాషరు.

మూడు: సాయంత్రం ఏడు. మామ్మగారి కొళాయి మళ్లీ. తర్వాత మందుల షాపాయన తలుపుకు నూనె.

నాలుగు: పైన రాశాను.

షాపుకి నిన్న ఒక త్రాసు వచ్చింది. పది గ్రాములు ఎక్కువ చూపిస్తోందన్నారు. విప్పితే లోపల చీమలు కాపురం పెట్టాయి. ఆ కిరాణా ఆయన మూడు వారాలుగా చీమల్ని కూడా పప్పు లెక్కలోనే తూచి ఇస్తున్నాడన్నమాట. చీమలు ఖాళీ చేశాక త్రాసు నిజం చెబుతోంది.

నా ఫోను నీ దగ్గరే ఉంచు. నువ్వు కొనిచ్చిన ఈ చిన్న ఫోనులో అంకెలు తప్ప ఏమీ కనిపించవు. దాంట్లో నీతో మాట్లాడొచ్చు గాని, ఫోనులో నాకు 'ఊ' తప్ప మాట రాదని నీకు తెలుసు. అందుకే ఉత్తరం.

బావను అడిగానని చెప్పు.

తమ్ముడు


జూన్ 10

ఒరే తమ్ముడూ,

నేను ఒంట్లో జ్వరం ఎంతుందో రాయమంటే నువ్వు ప్లంబరు పద్దు పంపించావు. ముప్పయ్యొక్కేళ్లు నర్సుగా చేశాను. 'ఆరుంబావుకి కొళాయి' అని రాసిన రోగిని ఎక్కడా చూడలేదు. మీ బావ ఆ కాగితం చదివి, 'పాపం, త్రాసుల షాపు మూసేశాడా, కొళాయిలు బిగిస్తున్నాడా' అని రెండు పూటలు బెంగ పెట్టుకున్నారు. ఏం చెప్పను ఆయనకి? పాకంలో పడ్డ ఈగలా నవ్వలేక ఏడవలేక కూర్చున్నాను.

నీకున్నది బూతు వీడియోల అలవాటు. ఇదిగో, నేనే రాశాను, కాగితం కాలిపోలేదు. పదకొండేళ్లుగా ఉంది. మరదలు మార్చిలో నీ ఫోనులో చూసింది. ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. ట్రైనింగు ఊళ్లోనే పర్మనెంటు ఉద్యోగం ఇస్తామంటున్నారనీ, సెప్టెంబరు ముప్పయిలోగా జవాబు చెప్పాలనీ, ఆ లోపు ఒకసారి ఇంటికొస్తాననీ చెప్పింది. 'ఏమీ దాచకుండా తన నోటితో చెబితే ఉంటాను వదినా, లేకపోతే అక్కడే ఉండిపోతాను' అంది. అంటే నీకు నాలుగు నెలలు ఉన్నాయి. కొళాయిల మీద ఖర్చు పెట్టుకోకు.

మళ్లీ చెబుతున్నా, ఈసారి గోడకి అంటించుకో. మనసు అటు లాగినప్పుడు దాంతో కుస్తీ పట్టకు. అది పెరుగుతుంది, పెరిగి పెరిగి ఒక దగ్గర ఆగుతుంది, దిగుతుంది. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. ఆ ఇరవై నిమిషాలూ గదిలో ఉండకు. పనిముట్ల పెట్టె తీసుకుని బయటికి నడువు, మనుషులున్న చోట చేతులకి పని పెట్టు. వెళ్లేముందు నాలుగు ప్రశ్నలు వేసుకో. ఆకలేస్తోందా, కోపంగా ఉందా, ఒంటరిగా ఉందా, అలిసిపోయానా. పుస్తకంలో రాయాల్సింది ఇవి: ఎన్నింటికి, పదిలో ఎంత, నాలుగిట్లో ఏది, ఎంతసేపటికి దిగింది. కొళాయి పేరు చివర్న రాసుకో, ఎవరొద్దన్నారు.

అన్నట్టు, ఆ రెండో అంతస్తు మామ్మగారి వయసెంత?

నీ అక్క


జూన్ 22

ఎండ. ఉక్క. మేడమీద నీళ్ల ట్యాంకు మూత సరిచేశాను.

అక్కకు,

మామ్మగారికి డెబ్భై ఎనిమిది. చెవులు బాగా వినిపిస్తాయి, అదే ఇబ్బంది.

నువ్వు చెప్పినట్టే ఇప్పుడు రాస్తున్నాను. పదిహేడో తేదీది ఒకటి మచ్చుకు. సాయంత్రం ఆరు. పదిలో ఎనిమిది. ఒంటరితనం, కొంచెం ఆకలి. అరటిపండు తిని పెట్టె పట్టుకుని బయటికొచ్చాను. అందరి తలుపులూ మూసి ఉన్నాయి. ఎవరి తలుపు కొట్టి ఏమని అడగాలో తెలియలేదు. మందుల షాపాయన తలుపు కొట్టి, "మీ ఇంట్లో ఏమైనా పాడైందా?" అన్నాను. ఆయన నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూసి, "ఏం, పాడు చేయమంటారా?" అన్నాడు. ఈలోగా లోపల ఎనిమిది కాస్తా తొమ్మిదికి వెళ్లింది. మెట్ల మీదే నిలబడ్డాను. ఏడో నిమిషం. అప్పుడు మామ్మగారు తలుపు తీసి, "నాయనా, కొళాయి" అన్నారు.

ఆవిడ కొళాయికి ఏమీ కాలేదు. ఎవరైనా మాట్లాడతారని ఆవిడే గరిటె కాడతో వదులు చేస్తున్నారని నాకు మూడో రోజే తెలిసింది. బిగిస్తున్నంతసేపూ వాళ్లాయన పోయిన ఏడాది పక్కింటివాళ్లు ఏమన్నారో చెప్పారు. ఎడమవైపు తిప్పమన్నారు. కుడివైపని నేనన్నాను. "నువ్వు పుట్టకముందు నుంచి ఈ కొళాయి తిప్పుతున్నా" అన్నారు. వాదన ముదిరింది. గడియారం చూస్తే పంతొమ్మిది నిమిషాలు. లోపల చూసుకుంటే పదిలో రెండు. ఎప్పుడు దిగిందో నేను చూడనే లేదు.

ఆ సంగతి ఇంటికొచ్చి రెండుసార్లు రాసుకున్నాను, సంతోషానికి. ఆ అలవాటు మొదలైన పదకొండేళ్లలో అది దానంతటది దిగడం నేను చూడలేదు. దిగే దాకా ఎప్పుడూ ఆగలేదు కాబట్టి.

ఈ వారం మొత్తం తొమ్మిది. ఇప్పుడు అందరూ నాకోసం పాడైనవి దాచి ఉంచుతున్నారు. నాలుగో అంతస్తు మాస్టారు, ఆయనే మా అసోసియేషన్ ప్రెసిడెంటు, ఒక సైకిలు బెల్లు, రెండు గొడుగులు, వాళ్లావిడ కళ్లజోడు వరసగా పేర్చి పెట్టారు. నోటీసు బోర్డు మీద నాకు కృతజ్ఞతలు అని అంటించారు. కింద నుంచి పోవాలంటే సిగ్గుగా ఉంది.

తమ్ముడు


జూన్ 29

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నేను వంటగదిలో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. మీ బావ వచ్చి, ఎవరు ఫోన్లో అన్నారు. కొళాయి అన్నాను.

మామ్మగారిని అనుమానించినందుకు ఆవిడకి నా తరపున ఒక వాషరు వేయించు. నిన్ను అనుమానించడం మాత్రం మానను, అది అక్కగా నా హక్కు.

షాపులో ఏం చేస్తావు? అక్కడ మామ్మగారు లేరు, మెట్లు లేవు. దాని సంగతి నువ్వు రాయలేదు. రాయనివే నాకు ముందు కనిపిస్తాయి.

అక్క


జూలై 19

వాన. పని ఏదీ చేయలేదు.

అక్కకు,

నిన్న జరిగింది.

షాపులో బిల్లుల కోసం పెట్టిన టాబ్ ఉంది. మధ్యాహ్నం రెండున్నర. వానకు ఎవరూ రాలేదు. భోజనం చేయలేదు. పనిముట్ల పెట్టె ఇంట్లో ఉంది. నలభై నిమిషాలు. పదిలో ఎంత అని అడుగుతావు, నేను వేసుకోలేదు.

నలభై ఏడు రోజులు సున్నా అయ్యాయి. నిన్నటి పేజీ ఖాళీగా ఉంది. పద్నాలుగో ఏట నుంచి ఖాళీ పేజీ లేదు. నాన్న పోయిన రోజు కూడా 'నాన్న' అని రాశాను.

నీ మరదలికి నువ్వే చెప్పు. ఉద్యోగంలో చేరిపొమ్మను. అన్నీ దాచకుండా నాకు నోటితో చెప్పడం రాదు, ఇప్పుడు చెప్పాల్సింది ఇంకా పెరిగింది.

తమ్ముడు


జూలై 24

ఒరే,

తగ్గిన జ్వరం మళ్లీ వచ్చిందని రోగిని కిటికీలోంచి కింద పడేస్తామా? మంచం దగ్గరికి వెళ్లి, ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు అని అడుగుతాం. అడుగుతున్నా చెప్పు. ఆ అవసరం లేదు, నువ్వే రాశావు, నీకు తెలియకుండా. భోజనం చేయలేదు: ఆకలి. ఎవరూ రాలేదు: ఒంటరితనం. పెట్టె ఇంట్లో ఉంది: నా తప్పు, రెండో పెట్టె కొనమని చెప్పలేదు. నాలుగిట్లో రెండు రోగాలూ, ఒక డాక్టరు నిర్లక్ష్యమూ. ఇంతకంటే చక్కటి రిపోర్టు ఎవరు రాస్తారు.

నలభై ఏడు రోజులు ఎక్కడికీ పోలేదురా. బిగించిన కొళాయిలన్నీ ఆ మధ్యాహ్నం ఒక్కసారి ఊడిపోయాయా? వెళ్లి చూసిరా.

టాబ్‌కి పాస్‌వర్డ్ పెట్టి అది షాపులో నీ భాగస్వామికి మాత్రం తెలిసేలా చెయ్యి. అతను ఎందుకని అడిగితే, అడగనీ. రెండో పెట్టె షాపులో పెట్టు. పన్నెండున్నరకి అన్నం తిను, వాన పడినా, పిడుగు పడినా. ఖాళీ పేజీ మీద తేదీ వేసి, 'పడ్డాను' అని రాయి. ఒక్క మాట చాలు.

మరదలికి నేను చెప్పను. నోరు నీది.

అక్క

మీ బావ కూడా ఒక మాట రాయమంటున్నారు: ప్లంబింగులో పోటీ ఎక్కువే గాని నిలదొక్కుకుంటే బాగుంటుందట. ఆయనకి నేనింకా ఏమీ చెప్పలేదు. నీ సంగతి నాది కాదు, చెప్పడానికి.


ఆగస్టు 23

పొద్దున జల్లు, తర్వాత తెరిపి. షాపు కిటికీ అద్దం తుడిచాను.

అక్కకు,

పాస్‌వర్డ్ పెట్టాం. భాగస్వామి ఎందుకని అడగలేదు. "మంచి పని చేశావు, నేను క్రికెట్ చూస్తూ కూర్చుంటున్నా" అన్నాడు. పాస్‌వర్డ్ తనకే తెలుసు కాబట్టి ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత ముప్పయ్యారు రోజులు. ఈ వారం రెండే. ఒకటి నాలుగు, ఒకటి మూడు. రెండోదానికి గది దాటక్కర లేకపోయింది. కుర్చీలో కూర్చునే చూశాను. వచ్చింది, పెరిగింది, నన్ను పట్టించుకోకుండా వెళ్లిపోయింది.

ఇప్పుడు వచ్చిన చిక్కు వేరు. నేను బాగుపడుతున్నకొద్దీ బిల్డింగు పాడైపోతోంది. మెట్ల మీద రెండు బల్బులు పోయాయి. మాస్టారు గారి గొడుగు మళ్లీ విరిగింది. దారిలో ఎదురైతే అందరూ నా చేతుల వైపు చూస్తున్నారు, పెట్టె ఉందా లేదా అని. మందుల షాపాయన, "మా మీద ఏమైనా కోపమా అండీ" అని అడిగాడు. లేదన్నాను. నేను లేదంటే ఉందని జనం అనుకుంటారు, నా మొహం అలాంటిది. మామ్మగారు కొళాయిని ఈసారి పూర్తిగా ఊడదీసి చేత్తో పట్టుకుని మూడో అంతస్తు ఎక్కి వచ్చారు. కింద నీళ్లు పోతూనే ఉన్నాయి.

ఆవిడ కోసం మాత్రం వెళ్లాను. పుస్తకంలో రాయలేదు. అది లెక్కలోకి రాదు కదా.

తమ్ముడు


ఆగస్టు 26

తమ్ముడూ,

పదిహేనో తేదీ దాకా నువ్వు పంపిన కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాను. జూన్‌లో వారానికి తొమ్మిది. జూలైలో ఏడు. ఇప్పుడు మూడు. జ్వరం ఇంత నిటారుగా దిగితే మేము ముందు రోగిని చూడం, థర్మామీటరు చూస్తాం. పగలగొట్టావా? దాస్తున్నావా? పడితే పడ్డానని రాయి. నాకు అబద్ధం రాయకు.

అక్క


సెప్టెంబరు 3

ఎండ. పాత సీసాలు కడిగి ఎండబెట్టాను.

అక్కకు,

నీ ఉత్తరం, నాది దారిలో ఒకదాన్నొకటి చూసుకుని వెళ్లినట్టున్నాయి. ఎక్కువైతే బెంగ, తక్కువైతే అనుమానం. ఎన్ని ఉంటే నీకు నచ్చుతుందో రాస్తే అన్నే తెప్పించుకుంటాను.

నోటీసు బోర్డు మీద కొత్త కాగితం పడింది. ఇరవై ఏడో తేదీ ఆదివారం సాయంత్రం అయిదింటికి మీటింగు. మొదటి అంశం: మూడో అంతస్తు వారి మనస్తాపం. ఆ మూడో అంతస్తు వారు నేనే.

నీ మరదలు ఇరవై ఎనిమిదిన వస్తానని కార్డు రాసింది. ఒక్క వాక్యం. నేను ఒక ఆలోచన చేశాను. నా పుస్తకం ఆవిడ చేతికిస్తాను. అప్పటికి నూట పంతొమ్మిది రోజులు అవుతాయి, గంటలతో సహా. జూలై పద్దెనిమిదో తేదీ 'పడ్డాను' కూడా ఉంది. ఇంతకంటే దాచకుండా ఎవరు చెప్పగలరు. సరేనా?

తమ్ముడు


సెప్టెంబరు 9

ఒరే తమ్ముడూ,

అనుమానపడ్డందుకు చెంపలేసుకున్నాను. రెండు చెంపలూ. మీ బావ దోమనుకున్నారు.

పుస్తకం సంగతి: సరే కాదు. ఆ అమ్మాయి పదకొండేళ్లు నీ మౌనాన్ని చదువుకుంటూ కాపురం చేసింది. ఇప్పుడు చేతిలో నూట పంతొమ్మిది పేజీలు పెట్టి మళ్లీ చదువుకోమంటావా? నోరు తెరువు. తడబడు, నీళ్లు నములు, మధ్యలో దగ్గు. కానీ తెరువు. అద్దం ముందు ఒకసారి చెప్పి చూసుకో.

అక్క


సెప్టెంబరు 29

పొద్దున మంచు, ఇప్పుడు లేత ఎండ. పాలగిన్నె తోమాను.

అక్కకు,

అద్దం ముందు చెప్పాను. నాలుగు రోజులు. అద్దంలో మనిషి నాకంటే సిగ్గుపడ్డాడు.

ఇక ఆదివారం మీటింగు. కింద బళ్లు పెట్టే చోట ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ముప్పయ్యొక్క మంది. కుర్చీలు చాలక పిల్లల్ని పైకి పంపేశారు. నన్ను ముందు కూర్చోబెట్టారు. మాస్టారు లేచి, నేను బిల్డింగుకు చేసిన సేవ గురించి పావుగంట మాట్లాడారు. చివర్న చేతులు జోడించి, "మా వల్ల ఏ పొరపాటు జరిగిందో చెప్పండి, దిద్దుకుంటాం" అన్నారు.

ముప్పయ్యొక్క మంది నావైపు చూస్తున్నారు. నేను లేచాను. అద్దం ముందు వల్లించిన మాటలు తప్ప నాకు వేరే మాటలు లేవు అక్కా. నాలుగు రోజులుగా నోట్లో ఉన్నవి అవే. అవే వచ్చేశాయి.

"మీ తప్పేమీ లేదు. నాకొక అలవాటు ఉండేది. అటు మనసు లాగినప్పుడల్లా గదిలో ఉండకూడదని, వచ్చి మీ ఇళ్లలో ఏదో ఒకటి బిగించేవాణ్ణి. ఇప్పుడు అంతగా లాగడం లేదు. అందుకే రావడం లేదు."

అంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. మాస్టారు మొహం వెలిగిపోయింది. "సిగరెట్టా? నేనూ మానేశానండీ, తొంభై ఎనిమిదిలో" అన్నారు.

అవునంటే అయిపోయేది. అందరూ చప్పట్లు కొట్టడానికి చేతులు కూడా ఎత్తారు.

"సిగరెట్టు కాదండీ. బూతు వీడియోలు. పదకొండేళ్లు. జూలైలో ఒకసారి మళ్లీ చూశాను. ఆ తర్వాత డెబ్భై ఒక్క రోజులు" అన్నాను.

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ఎవరి కుర్చీయో కిర్రుమంది. మామ్మగారు పక్కనున్న మందుల షాపాయనను, "అంటే ఎలాంటివి?" అని అడిగారు. ఆయన, "తర్వాత చెప్తాను మామ్మగారూ" అన్నాడు. "నువ్వెలా చెప్తావు, నీకూ ఉందా?" అన్నారావిడ, మామూలు గొంతుతో. అంటే నాలుగో అంతస్తు దాకా వినిపించే గొంతుతో.

మందుల షాపాయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో ఇద్దరు వంగి చెప్పులు సరిచేసుకున్నారు. మాస్టారు కాగితం వైపు చూసి, "రెండో అంశం, నీళ్ల ట్యాంకు" అన్నారు. అప్పుడు వెనకనుంచి నవ్వు వినిపించింది. ఆపుకోలేక, ముక్కులోంచి వచ్చే నవ్వు. అది ఎవరిదో నాకు తల తిప్పకుండానే తెలుసు. మార్చి నుంచి ఆ నవ్వు వినలేదు.

నీ మరదలు గేటు దగ్గర పెట్టె మీద కూర్చుని ఉంది. ఒక రోజు ముందే వచ్చేసింది. మొత్తం విన్నది.

మెట్లెక్కుతూ, "నాకొక్కదానికి చెప్పలేక ఊరందరికీ చెప్పావా?" అంది. మీరు లేరనుకున్నాను అన్నాను. కంగారులో మీరు అనేశాను. ఇంట్లోకెళ్లి బల్ల దగ్గర కూర్చుని, "ఇప్పుడు నాకు చెప్పు, ముందు నుంచి" అంది. చెప్పాను. మధ్యలో దగ్గాను. ఆవిడ మూడు ప్రశ్నలు అడిగింది. మొదటి రెండింటికీ వెంటనే జవాబు చెప్పాను. మూడోదానికి చాలాసేపు పట్టింది. ఆ ప్రశ్న నీకు రాయను అక్కా, ఏమీ అనుకోకు. అప్పుడు ఆవిడ ఏడ్చింది, మార్చిలో ఏడవాల్సినది. నేను లేచి పెట్టె అందుకోబోయి ఆగి, కూర్చున్నాను.

నిన్న పొద్దున మందుల షాపాయన వచ్చాడు. వాళ్ల తలుపు కిర్రుమంటోందట, పెట్టె ఒకసారి ఇస్తారా అన్నాడు. ఆ తలుపుకు నేను ఆరుసార్లు నూనె పెట్టాను. పిల్లి నడిచినంత చప్పుడు కూడా రాదు. పెట్టె ఇచ్చాను. "ఇరవై నిమిషాలు. ముందు ఏమైనా తినండి" అన్నాను. తల ఊపి వెళ్లాడు. సాయంత్రం తెచ్చిచ్చాడు. ఈ పొద్దున మళ్లీ పట్టుకెళ్లాడు.

నీ మరదలు నిన్న మధ్యాహ్నం ఆ ఊరికి జవాబు రాసి పోస్టు చేసింది. నన్ను అడగలేదు, నేనూ అడగలేదు. ఈ పొద్దున తన చీరలన్నీ పెట్టెలోంచి తీసి బీరువాలో సర్దుతుంటే తెలుసుకున్నాను. సర్దడం అయ్యాక ఇల్లంతా ఒక చుట్టు తిరిగి వచ్చి నా ముందు నిలబడింది.

"బిల్డింగంతా బాగుచేశావట. మనింట్లో వంటగది కొళాయి కారుతోంది, కిటికీ గడియ పడటం లేదు, స్నానాల గదిలో బల్బు లేదు. ఏంటిది?"

గది దాటి బయటికి వెళ్లాలన్నది అక్క పెట్టిన నియమం, అందుకని ఇంట్లోవి ముట్టుకోలేదని చెప్పాను.

"ఇప్పుడు ముట్టుకో."

"ఇప్పుడు నాకేమీ లాగడం లేదే."

"లాగకపోతే కొళాయి కారడం ఆగిందా? లే."

పెట్టె మందుల షాపాయన దగ్గర ఉందన్నాను. వెళ్లి తెచ్చుకోమంది. ఇప్పుడే తీసుకెళ్లాడు, మధ్యలో అడిగితే బాగుండదు, ఇరవై నిమిషాలు ఆగుదాం అన్నాను. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని ఒక క్షణం చూసి, నా ఎదురుగా కూర్చుంది. మళ్లీ ముక్కులోంచి నవ్వింది. ఆ ఇరవై నిమిషాల్లోనే నీకు ఇదంతా రాస్తున్నాను. ఏం రాస్తున్నావని రెండుసార్లు అడిగింది, చదివి వినిపించాను. మూడో ప్రశ్న దగ్గర, మంచి పని చేశావంది.

మందుల షాపాయన తలుపు కొడుతున్నాడు. దినచర్య కూడా ఇక్కడే రాసేస్తాను, తర్వాత పుస్తకంలోకి ఎక్కిస్తాను.

ఇరవై తొమ్మిది: పొద్దున ఎనిమిదీ ఇరవై. పదిలో సున్నా. మా వంటగది కొళాయి,